మన హాస్టల్లో ఎన్ని భాషలు?



"వార్షికోత్సవ సంచికకు ఏదో ఒక వ్యాసం పంపండి. అయితే పాఠంలా ఉండాలి, పిల్లలకు పనికిరావాలి" అని సంపాదకవర్గం వారు అడిగారు. మేము ఈ హాస్టల్లో 2000 తర్వాతి సంవత్సరాలలో ఉండి చదువుకున్నవాళ్లం. ఇప్పుడు మాలో కొందరం ఉపాధ్యాయులం, కొందరం చిన్న ఉద్యోగస్తులం. ఏ విషయం రాయాలా అని నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే, అందరికీ ఒకే సంగతి గుర్తొచ్చింది. అది మేము చేసిన ఒక తప్పు. అందుకే పాఠం దానితోనే మొదలుపెడుతున్నాం.

కుళాయి దగ్గర జరిగింది

ఆ రోజుల్లో సాయంత్రం నీళ్లు వదిలే వేళకు కుళాయి దగ్గర బకెట్లతో వరుస ఉండేది. ఆ ఏడాది ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక తమ్ముడు, తనతోపాటు వచ్చిన వాళ్ల చిన్నాన్న కొడుకుతో ఏదో అంటూ మధ్యలో "తణ్ణి" అన్నాడు. వాళ్లది ఎరుకల కుటుంబం. ఇంట్లో మాట్లాడుకునే భాష అది. మాకు అది భాష అని కూడా తెలియదు. విన్నవాళ్లం విన్నట్టే పగలబడి నవ్వాం. ఆ రోజు నుంచి వాడి పేరు "తణ్ణి" అయిపోయింది. అటెండెన్స్ పిలిచేటప్పుడు తప్ప వాడి అసలు పేరు ఎవరమూ పలకలేదు.

వారం తిరగకుండానే ఆ అన్నదమ్ములిద్దరూ ఒకరితో ఒకరు తెలుగులోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆదివారం చూడడానికి వాళ్లమ్మ వస్తే, ఆమె తన భాషలో పలకరించినా వాడు తెలుగులోనే జవాబు చెప్పేవాడు. ఆమె ఒకటి రెండుసార్లు వాడి మొహంలోకి చూసి, తర్వాత ఆమె కూడా తెలుగులోకి మారిపోయింది. మేము అది చూశాం. చూసి ఏమీ అనుకోలేదు.

కొన్ని నెలల తర్వాత పాండిచ్చేరి నుంచి తనిఖీకి ఒక పెద్దాయన వచ్చారు. ఎండలో వచ్చారేమో, కుర్చీలో కూర్చోగానే తమిళంలో "తణ్ణి" అని అడిగారు. మేము ఇద్దరం పరుగెత్తుకెళ్లి స్టీలు గ్లాసు కడిగి నీళ్లు పట్టుకొచ్చాం. ఒక్కడూ నవ్వలేదు.

అదే మాట. ఒక నోటి నుంచి వస్తే నవ్వులాట, ఇంకో నోటి నుంచి వస్తే భయభక్తులు. మరి తేడా మాటలో ఉందా, అన్నవాడి హోదాలో ఉందా? ఈ ప్రశ్న మాకు తట్టడానికి చాలా ఏళ్లు పట్టింది. మీకు ఇప్పుడే తట్టాలని ఈ వ్యాసం.

యానాం వాళ్లకు ఈ పాఠం సులువు

నిజానికి భాషల సంగతి యానాం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన ఊరు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉండి, 1954లో భారతదేశంలో కలిసింది. చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న పూర్తయింది. మన తాతల కాలంలో కచేరీ కాగితం ఫ్రెంచిలో, ఇంట్లో మాట తెలుగులో. విలీనం తర్వాత మనం తమిళం ఎక్కువగా ఉన్న కేంద్రపాలిత ప్రాంతంలో భాగమయ్యాం. 1965 నాటి అధికార భాషా చట్టంలో తమిళాన్ని అధికార భాషగా పెట్టి, యానాంలో తెలుగు, మాహేలో మలయాళం వాడుకోవచ్చని చేర్చారు.

అంటే గౌతమి దాటి ఎదుర్లంక వైపు వెళితే తెలుగు కోట్లమంది భాష. ఇటు పుదుచ్చేరి లెక్కల్లో చూస్తే అది కొద్దిమంది భాష. ఒక వంతెన దాటేసరికి పెద్ద భాష చిన్న భాష అయిపోతుంది. ఒక దరఖాస్తు మనకు తెలియని భాషలో వస్తే ఎలా ఉంటుందో, ఎవరిని బతిమాలుకుని చదివించుకోవాలో యానాం పెద్దవాళ్లకు తెలుసు. ఆ అనుభవం ఉన్న ఊళ్లో పెరిగి కూడా, మనకంటే చిన్న భాషవాడు మన పక్కకు వస్తే మేము నవ్వాం.

మన చుట్టూ ఉన్న భాషలు

మన ఊరి పక్కన పారే గౌతమి ఎక్కడిదో భూగోళం పాఠంలో చదివారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి పాయలుగా విడిపోతుంది. దానికి ఎగువన పాపికొండలు. ఇంకా ఎగువకు పోతే కూనవరం. అక్కడ శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ ఒడ్డున ఉన్న ఊళ్లలో కోయవాళ్లు ఉన్నారు. ఏటి ఒడ్డున ఉండేవారిని గొమ్ముకోయలు అంటారు. అంటే వాళ్ల ఊళ్ల ముందు నుంచి వెళ్లిన నీళ్లే మన ఊరి ముందుకు వస్తున్నాయి.

ఇప్పుడు ఈ భాషలను ఒక వరుసలో పెట్టి చూద్దాం.

కోయ: గోండికి దగ్గరి భాష. చింతూరు, కూనవరం, రంపచోడవరం ఏజెన్సీ నుంచి భద్రాచలం వైపు, అటు ఛత్తీస్‌గఢ్, ఒడిశా వరకు మాట్లాడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం 4 లక్షల 7 వేల మంది తమ మాతృభాష కోయ అని చెప్పారు.

కొండ: దీన్నే కూబి అని కూడా అంటారు. కొండదొరల భాష. 2011లో సుమారు 60 వేల మంది. ఈ భాష మీద ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు చేసిన పరిశోధన 1969లో పుస్తకంగా వచ్చింది. కొండదొరల్లో చాలామంది ఇప్పటికే తెలుగులోకి మారిపోయారు.

కువి: విశాఖ, విజయనగరం, పార్వతీపురం మన్యాల నుంచి ఒడిశా వరకు ఉన్న కోందుల భాష.

సవర: శ్రీకాకుళం కొండలు, ఒడిశా సరిహద్దు. 2011లో 4 లక్షల 9 వేల మంది.

కుర్రు: ఎరుకలవారి భాష. దీనికి ఒక ఏజెన్సీ లేదు, ఒక కొండ లేదు. ప్రతి ఊరి చివరా ఉంది. బుట్టలు, తట్టలు అల్లే ఇంట్లో, ఎరుక చెప్పే అమ్మ నోట్లో ఉంది. మన హాస్టల్లో కుళాయి దగ్గర మేము విన్నది ఇదే.

పాపికొండల్లో ఉండే కొండరెడ్ల భాష తెలుగే. కాకపోతే వాళ్ల యాస వేరు, మనం పోగొట్టుకున్న మాటలు కొన్ని వాళ్ల దగ్గర ఉంటాయి.

ఇవి తెలుగు పాడైతే వచ్చిన మాటలా?

"కోయ అంటే తెలుగునే వంకరగా మాట్లాడడం కదా?" అని చాలామంది అంటారు. మేమూ అలాగే అనుకునేవాళ్లం. అది తప్పు.

భాషలకూ కుటుంబాలు ఉంటాయి. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ద్రావిడ కుటుంబం అని మీరు చదివారు. ఆ కుటుంబంలో తెలుగుకు దగ్గరి చుట్టాలు ఎవరు అని అడిగితే అందరూ కన్నడం అంటారు, లిపి చూసి. భాషాశాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. కృష్ణమూర్తి గారి వర్గీకరణలో తెలుగు ఉన్న శాఖలోనే గోండి, కోయ, కొండ, కుయి, కువి ఉన్నాయి. అంటే తెలుగు తోడబుట్టినవాళ్లు అడవిలో ఉన్నారు. ఒకే ఇంటి ఆడపడుచుల్లో ఒకామె పట్నంలో కాపురం చేసి నగలు పెట్టుకుంది, మిగిలినవాళ్లు కొండమీద కాపురం చేశారు. అంతమాత్రాన వాళ్లు ఈమె పనివాళ్లు అయిపోరు.

ఒక చిన్న ఉదాహరణ. కోయలోనూ, కొండ భాషలోనూ నీళ్లను "ఏరు" అంటారు. ఆ మాట మనకూ ఉంది. కాకపోతే మనం పారే నీటికి మాత్రమే ఏరు అంటాం. ఒకే మాట రెండిళ్లలో కొంచెం వేరు వేరు పనులకు వాడుతున్నారు. ఇందులో ఎవరూ ఎవరినీ చూసి రాయలేదు, ఇద్దరికీ అమ్మ నుంచి వచ్చింది.

కుర్రు వేరే వైపు. అది తమిళానికి దగ్గరి భాష. అందుకే మన తమ్ముడు అన్న "తణ్ణి", తనిఖీకి వచ్చిన పెద్దాయన అన్న "తణ్ణి" ఒకటే అయ్యాయి. ఆ రోజు ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఉంటే, మాకంటే బాగా ఒకరి మాట ఒకరికి అర్థమై ఉండేదేమో.

సవర ఇంకా వేరు. అది ద్రావిడ భాషే కాదు. ముండా శాఖకు చెందినది. దూరపు బంధుత్వం చూస్తే కంబోడియా దేశపు ఖ్మేర్ భాషతో కలుస్తుంది. శ్రీకాకుళం కొండమీద ఒక ముసలమ్మ మాట్లాడే మాటలో అంత పెద్ద చరిత్ర ఉందన్నమాట.

ఇంకో అపోహ: "లిపి లేనిది భాష కాదు." అలాగైతే ఇంగ్లీషు కూడా భాష కాదు, దాని అక్షరాలు రోమన్లవి. హిందీ, మరాఠీ రెండూ నాగరి లిపిలోనే రాస్తారు. భాష నోట్లో ఉంటుంది. లిపి దానికి తొడిగిన చొక్కా మాత్రమే. కావాలంటే కుట్టించుకోవచ్చు. సంతాలీకి రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి తయారుచేశారు. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. సవరకు మంగెయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ లిపి చేశారు. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో పాత చేతిరాత పుస్తకాలతో దొరికిన గోండి లిపి 2018లో కంప్యూటర్ అక్షరాల యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది.

భాష ఎలా పోతుంది?

భాష ఒక్క రోజులో చావదు. మూడు తరాలు పడుతుంది. నాయనమ్మ ఆ భాష ఒక్కటే మాట్లాడుతుంది. అమ్మ రెండూ మాట్లాడుతుంది. మనవడికి అర్థమవుతుంది కానీ మాట్లాడడు. మునిమనవడికి అర్థం కూడా కాదు. ఎవరూ నిషేధించలేదు, ఎవరూ కొట్టలేదు, అయినా పోయింది.

కారణాలు చూస్తే మూడు కనిపిస్తాయి.

మొదటిది సిగ్గు. ఎరుకలవారి విషయంలో దీనికి చరిత్ర ఉంది. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, తర్వాతి కాలంలో ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే దొంగలన్నట్టు అందులో చేర్చారు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. చట్టం 1952లో రద్దయింది కానీ, ఆ ముద్ర అంత తొందరగా పోలేదు. వాళ్లు తమ భాషలో మాట్లాడుకుంటే "దొంగ భాష" అన్నారు. అలాంటప్పుడు ఏ తల్లి తన బిడ్డకు ఆ భాష నేర్పుతుంది? మేము కుళాయి దగ్గర నవ్వినప్పుడు మాకు ఈ చరిత్ర తెలియదు. తెలియకుండానే ఆ చట్టం చేసిన పనికి మేమూ ఒక చెయ్యి వేశాం.

రెండోది ఊరు చెదిరిపోవడం. భాష నిలవాలంటే పది ఇళ్లు కలిసి ఉండాలి. పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఆ ఊళ్లలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు. నిర్వాసితులకు ఇల్లు, భూమి, డబ్బు ఎంత అని లెక్క కడతారు. ఒక ఊరివాళ్లు నాలుగు కాలనీలకు చెదిరిపోతే వాళ్ల మాట ఏమవుతుందన్న లెక్క ఏ కాగితంలోనూ ఉండదు.

మూడోది లెక్కలోకి రాకపోవడం. జనాభా లెక్కల ప్రచురణలో పదివేల మందికి తక్కువ మాట్లాడే భాషల పేర్లు విడిగా చూపించరు. 2011 పట్టికలో 121 భాషలు కనిపిస్తాయి. ఆచార్య గణేశ్ దేవి ఆధ్వర్యంలో జరిగిన ప్రజల భాషా సర్వేలో 780 భాషలు నమోదయ్యాయి. ఎరుకల భాషను జనాభా లెక్కల్లో తమిళం కిందే కలిపి చూపిస్తారు. పేరు లేని భాషకు పుస్తకం రాదు, టీచరు పోస్టు రాదు.

చివరి మెట్టు ఎలా ఉంటుందో అండమాన్‌లో చూశాం. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు చనిపోయింది. "బో" అనే భాష మాట్లాడేవారిలో ఆమె ఆఖరి మనిషి. అంతకుముందు కొన్నేళ్లపాటు తన భాషలో మాట్లాడడానికి ఆమెకు ఒక్క మనిషి కూడా లేరు.

గిడుగు వారు నేర్పిన పాఠం

ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పుట్టినరోజు, 1863లో. వాడుక భాష కోసం పోరాడినవారు అని వక్తృత్వ పోటీల్లో మనమంతా చెప్పాం, బహుమతులూ తీసుకున్నాం. అయితే ఆయన మొదట పట్టుకున్న భాష తెలుగు కాదు, సవర.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, కొండల నుంచి వచ్చే సవరలను చూశారు. వాళ్లకు తెలుగు సరిగా రాదు, వీళ్లకు సవర రాదు. బజారులో, కచేరీలో వాళ్లు మోసపోతున్నారు. అప్పుడు ఆయన "వీళ్లకు తెలుగు నేర్పాలి" అని మొదలుపెట్టలేదు. తాను సవర నేర్చుకోవడంతో మొదలుపెట్టారు. సవర మనుషులను ఇంట్లో పెట్టుకుని, వాళ్ల దగ్గర శిష్యుడిగా కూర్చుని మాటలు రాసుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే వాచకాలు తయారుచేశారు, సొంత ఖర్చుతో బడి పెట్టించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. నిఘంటువు పనీ చేశారు. ఆ శ్రమలో ఆయన చెవి కూడా దెబ్బతింది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లడంతో ఆయన తన మకాం రాజమహేంద్రవరానికి మార్చుకున్నారు. అంటే మన గోదావరి గట్టుకే వచ్చారు.

గమనించండి. తెలుగువాడికి వాడుక తెలుగులో చదువు చెప్పాలన్న వాదానికీ, సవర పిల్లవాడికి సవరలో చదువు చెప్పాలన్న పనికీ మూలం ఒకటే: పిల్లవాడు ఏ భాషతో బడిలోకి వస్తాడో ఆ భాషలోనే మొదటి పాఠం చెప్పాలి. ఒక దాన్ని పొగిడి రెండోదాన్ని ఎగతాళి చేస్తే, మనం గిడుగు వారిని సగమే చదివినట్టు.

బడిలో ఎలా చెప్పాలి?

ఆరేళ్ల పిల్లవాడు మొదటిసారి బడికి వచ్చాడనుకోండి. టీచరు తెలియని భాషలో, తెలియని అక్షరాలు, తెలియని లెక్కలు చెబుతాడు. వాడు ఒకేసారి మూడు బరువులు ఎత్తాలి. ఎత్తలేకపోతే "మొద్దు" అంటాం. నాలుగు రోజులు చూసి వాడు బడి మానేస్తాడు. మరి అదే పిల్లవాడికి ముందు వాడి భాషలో అక్షరం, లెక్క నేర్పి, పక్కనే తెలుగు మాట్లాడడం అలవాటు చేసి, తర్వాతి తరగతుల్లో తెలుగు, ఇంగ్లీషు చదువులోకి తీసుకెళితే? చదవడం అనే విద్య ఒకసారి వస్తే చాలు, అది భాష మారినా వెంటే వస్తుంది. ఈత నేర్చినవాడికి చెరువైతేనేం, కాలువైతేనేం.

దీన్ని మాతృభాష ఆధారిత బహుభాషా విద్య అంటున్నారు. ఇది ఎవరి దయా కాదు. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు సౌకర్యం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. ఇది 1956లో చేర్చినది. 2009 విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది భాషల్లో ఈ పని మొదలైంది: గోండి, కోయ, కోలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా. వాచకాలను తెలుగు లిపిలో తయారుచేశారు. పిల్లవాడు తర్వాత తెలుగులోకి రావడానికి అది సులువు.

అయితే పుస్తకం ఒక్కటే చాలదు. ఆ పుస్తకాన్ని నోరారా చదివే టీచరు కావాలి. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 సంవత్సరంలో జీవో నంబరు 3 వచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో దాన్ని కొట్టివేసింది. చట్టం సంగతి న్యాయవాదులు వాదించుకుంటారు. బడి వైపు నుంచి చూస్తే మిగిలే ప్రశ్న ఒకటే: పిల్లవాడి భాష తెలిసిన మనిషి తరగతిలో ఉన్నాడా, లేడా?

బతికించుకున్నవాళ్లు ఉన్నారు

పోయే భాషను ఆపలేమని అనుకోకండి. న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో "కొహంగ రెయో" అనే పసిపిల్లల బడులు పెట్టారు. ఆ మాటకు భాషా గూడు అని అర్థం. పద్ధతి చాలా సాదా. భాష వచ్చిన అవ్వలు, తాతలు, ఇంకా మాటలు రాని పిల్లలు ఒకచోట ఉండాలి. అక్కడ మావోరీ తప్ప వేరే మాట ఉండకూడదు. మధ్య తరం పోగొట్టుకున్నదాన్ని పై తరం నుంచి కింది తరానికి నేరుగా అందించారు. 1987లో మావోరీ అధికార భాష అయింది. హవాయి దీవుల్లో 1896లో వాళ్ల భాషలో చదువు చెప్పడాన్ని నిషేధించారు. 1984లో వాళ్లూ మావోరీలను చూసి అలాంటి బడి మొదలుపెట్టారు. రెండేళ్ల తర్వాత నిషేధం కూడా తీసివేయించారు.

ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు పదేళ్లను ఆదివాసీ భాషల దశాబ్దంగా ప్రకటించింది. అంటే మీరు చదువుకునే కాలంలో చాలా భాగం ఇందులోనే ఉంది.

"ఆ భాష అన్నం పెడుతుందా?"

ఈ ప్రశ్న మీరు అడగకపోయినా మీ ఇంట్లోవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మనం హాస్టల్లో ఉండి చదువుకున్నది ఉద్యోగం కోసమే. ఇంగ్లీషు రావాలి, తెలుగు బాగా రావాలి. అందులో రాజీ లేదు. మేము చెప్పేది ఒకటే: కొత్త చొక్కా వేసుకోవడానికి పాత చర్మం ఒలుచుకోనక్కర్లేదు. మూడు భాషలు వచ్చినవాడి బుర్ర బరువెక్కదు. యానాంలో తెలుగు, తమిళం, ఫ్రెంచి మూడూ మాట్లాడిన ముసలివాళ్లను మేమే చూశాం.

ఇంకో మాట. తన ఇంటి భాష చూసి సిగ్గుపడినవాడు, నెమ్మదిగా ఆ ఇంటిని చూసే సిగ్గుపడతాడు. హాస్టల్ పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు.

మనం చేయగలిగిన పని

పెద్ద పనులు ప్రభుత్వాలవి. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంతో మనం చేయగలిగిన పని ఇది:

1. ముందు అడగండి. "మీ భాషలో మాటలు రాసుకోవచ్చా?" అని ఆ తమ్ముణ్ణి, వాళ్ల ఇంటి పెద్దవాళ్లను అడగండి. వద్దంటే ఆపేయండి. ఇష్టంలేనివాణ్ణి స్టేజీ ఎక్కించి "మీ భాషలో మాట్లాడరా" అనకండి. అదీ ఎగతాళే అవుతుంది.

2. మొదట వంద మాటలు. ఒళ్లు, చుట్టరికాలు, నీళ్లు, నిప్పు, తిండి, జంతువులు, అంకెలు. తర్వాత రా, పో, తిను, కూర్చో లాంటి పనుల మాటలు.

3. విన్నది విన్నట్టు రాయండి. తెలుగువాళ్లకు ప్రతి మాట చివరా అచ్చు చేర్చే అలవాటు ఉంది. వాళ్లు హల్లుతో ఆపితే మీరూ పొల్లు పెట్టి ఆపండి. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా జాగ్రత్తగా చూడండి. సవరలో లాగా గొంతు నొక్కి ఆపే శబ్దం వస్తే ఒక గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు ఏమిటో మొదటి పేజీలో రాయండి.

4. మాట తర్వాత వాక్యం. "నేను నీళ్లు తాగాను, నువ్వు తాగావు, ఆమె తాగింది" అని అడిగితే ఆ భాష వ్యాకరణం తనంతట తానే బయటపడుతుంది.

5. పని మాటలు వదలకండి. వెదురు ఎన్ని రకాలు, బద్ద చీల్చే కత్తి పేరేమిటి, బుట్ట అడుగును ఏమంటారు, అంచును ఏమంటారు. ముందు పోయేవి ఇవే. పని పోతే మాట పోతుంది.

6. ఫోనులో రికార్డు చేయండి. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ అని మొదట్లో చెప్పించండి. పూజకు, చావుకు సంబంధించిన పాటలు వాళ్లు ఒప్పుకుంటేనే.

7. ఒక ప్రతి ఆ ఇంటికి ఇవ్వండి. ఇది మరిచిపోకూడని సంగతి. వాళ్ల మాటలు మనం దాచుకోవడానికి కాదు.

ఇది చేస్తూ మీరు కూడా పది మాటలు నేర్చుకోండి. పొద్దున్నే ఆ తమ్ముణ్ణి వాడి భాషలో ఒక మాట పలకరించండి. సంవత్సరమంతా చేసే సభలకంటే అది ఎక్కువ పని చేస్తుంది.

చివరగా

కిందటేడు పూర్వ విద్యార్థుల సమావేశానికి ఆ తమ్ముడు వచ్చాడు. ఇప్పుడు వాడికీ ఇద్దరు పిల్లలు. భోజనాల దగ్గర మేమే కదిపాం. ఆ రోజు నవ్వినందుకు తప్పయిపోయిందని చెప్పాం. వాడు నవ్వేసి, "ఊరుకో అన్నా, మీరే పెట్టారు కదా ఆ పేరు" అన్నాడు. తర్వాత కొంచెంసేపు ఆగి, "మా పిల్లలకు ఒక్క ముక్క రాదన్నా. నేనే నేర్పలేదు. మా అమ్మ ఉన్నప్పుడు అయినా నేర్పాల్సింది. ఇప్పుడు మా పెద్దమ్మ ఒక్కతే మాట్లాడుతుంది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం విస్తళ్లు ఎత్తాక ఒక నోటుపుస్తకం తెప్పించి, వాడికి గుర్తున్న మాటలు అడిగి రాశాం. నలభై మూడు వచ్చాయి. మొదటి మాట వాడే చెప్పాడు, ఏదో మాకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత రెండు ఆదివారాలు వాళ్ల పెద్దమ్మ దగ్గర కూర్చున్నాం. ఆమె మొదట "ఎందుకు బాబూ ఇదంతా" అంది. రెండో వారానికి మేము తప్పుగా పలికితే దిద్దుతోంది. పక్కనే ఆడుకుంటున్న మనవరాలు మా కంటే ముందు పలికింది. ఇప్పటికి మూడు వందల పైచిలుకు మాటలయ్యాయి.

ఒక ప్రతి వాళ్లింట్లో ఇచ్చాం. ఇంకో ప్రతి, వాళ్ల అనుమతితో, మన హాస్టల్ గ్రంథాలయం బీరువాలో పెట్టాం. అందులో ఇంకా నూట యాభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. తమ్ముళ్లూ, మీలో ఎవరి ఇంట్లోనైనా తెలుగు కాని మాట ఉంటే ఆ పేజీలు మీవే. లేకపోతే, మీ పక్కవాణ్ణి అడగండి. నవ్వకుండా అడగండి.